ఇడ్లీ గిన్నె మీద కౌబాయ్ టోపీ

మా ఇంట్లో ఇడ్లీ గిన్నె ఇడ్లీలకే కాదు, టోపీలకూ పనికొస్తుందంటే మీరు నవ్వుతారేమో! మొదట్లో మా ఇంట్లోవాళ్ళూ నవ్వారు. ఇప్పుడు స్టవ్ మీద నీళ్ళు మరుగుతుంటే చాలు, "అమ్మా, ఇడ్లీయా, టోపీయా?" అని అడుగుతున్నాడు మా అబ్బాయి.

ఈ పిచ్చి నాకు మా నాన్న టోపీ వల్ల పట్టుకుంది.

నాన్న స్కూల్లో డ్రిల్లు మాస్టారు. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది కదా! మన దేశంలో తొలి కౌబాయ్ సినిమాగా పేరుపడ్డ ఆ చిత్రం చూసి, మర్నాడే హైదరాబాదు వెళ్ళి గోధుమరంగు ఫెల్టు టోపీ కొనుక్కొచ్చారట. రెండు పక్కలా పైకి లేచిన అంచు, నడినెత్తిన పొడవాటి నొక్కు. ఆ టోపీ పెట్టుకునే గ్రౌండులో విజిల్ ఊదేవారు. పిల్లలందరికీ ఆయన 'టోపీ సారు'.

నాన్న పోయాక అమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో దాచింది. కిందటేడు తుర్కయాంజాల్‌లో మా ఇంటికి వచ్చేటప్పుడు ఆ పెట్టె కూడా తెచ్చుకుంది. మూత తీసి చూద్దును కదా, ఇత్తడి బిందె కింద పడి అప్పడంలా అణిగిపోయి ఉంది టోపీ. అమ్మకు ఈమధ్య మతిమరుపు. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. టోపీని మాత్రం చూడగానే పోల్చుకుంది. "జర సక్కగ చెయ్యరాదా బిడ్డా" అంది.

నేనేం చేశానో తెలుసా? మురికి పోతుందని వేడి వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో బరబరా రుద్దాను. ఆరేసరికి ఆ టోపీ చిన్నపిల్లాడి తలకు సరిపోయేంతగా కుంచించుకుపోయింది. అమ్మ ఒక్క మాటా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా వీధి చివర కురుమ పెద్దమ్మ ఒకావిడ ఉంది. వయసులో ఉన్నప్పుడు గొంగళ్ళకు నూలు వడికిన మనిషి. నా గోడు విని నవ్వింది. "గొంగడిని ఉడుకునీళ్ళల్ల ఏస్తరా ఎవరన్న? ముడుసుకపోదా?" అంది.

అప్పుడు తట్టింది. వేడినీళ్ళలో ఉతికిన ఉన్ని స్వెట్టరు పొట్టిదైపోవడం మనలో చాలామందికి అనుభవమే. ఉన్ని వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని మళ్ళీ వదలవు. మగ్గం లేదు, సూది లేదు, అదే ఫెల్టు! అంటే నేను టోపీని పాడుచేసిన పద్ధతే టోపీని తయారుచేసే పద్ధతి. అయితే కొత్తది ఎందుకు చేయకూడదు?

ఫెల్టు టోపీ మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. నిజాం కాలంలో హైదరాబాదు పెద్దమనుషులు పెట్టుకున్న రూమీ టోపీ కూడా ఫెల్టుదే. తుర్కీలో 1925లో చట్టం చేసి ఆ టోపీని నిషేధించారు గానీ, మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ తరువాత కూడా ఎన్నో ఏళ్ళు అదే పెట్టుకున్నారు. ఇక కౌబాయ్ టోపీకి పేరు తెచ్చింది అమెరికాలో స్టెట్సన్ అనే ఆయన 1865లో పెట్టిన కంపెనీ. అక్కడ మేలురకం టోపీలకు కుందేలు బొచ్చు, బీవర్ అనే నీటి జంతువు బొచ్చు వాడతారు. వెనకటి రోజుల్లో పాశ్చాత్య దేశాల టోపీ పనివాళ్ళు ఆ బొచ్చుకు పాదరసం కలిసిన మందు పట్టించేవారు. దాని ఆవిరి పీల్చి చేతులు వణికి, మతి చెదిరినవాళ్ళు ఎందరో. అమెరికాలో 1941లో గానీ దాన్ని మాన్పించలేదు. మనం వాడే గొర్రె ఉన్నికి ఆ మందులేవీ అక్కర్లేదు. సబ్బు, నీళ్ళు, మన రెక్కల కష్టం చాలు.

ఉన్ని కోసం పెద్దమ్మనే అడిగాను. వాళ్ళ బంధువుల మందలో ఇంకా కొన్ని నల్ల దక్కనీ గొర్రెలున్నాయట. ఒకప్పుడు ఆడవాళ్ళు ఉన్ని వడికితే, మగవాళ్ళు గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెట్టి గొంగళ్ళు చేసేవాళ్ళు. ఇప్పుడు చాలామంది ఉన్ని లేని నెల్లూరు గొర్రెలను మాంసం కోసం పెంచుతున్నారు. "బొచ్చుకు ధర లేదు బిడ్డా. కత్తిరిచ్చిన కూలి గూడ ఎల్లదు. పెంట మీద పారేస్తున్నం" అంది పెద్దమ్మ. మేపుదామంటే సాగర్ రోడ్డు పొడుగునా ప్లాట్ల హద్దురాళ్ళేనాయె.

నా మొదటి టోపీ టోపీ కాదు, పిచ్చుకగూడు! వెంట్రుకలన్నీ బయటికి పొడుచుకొచ్చాయి. పిల్లల మొదటి కోత ఉన్ని మెత్తగా ఉంటుందని పెద్దమ్మ చెప్పింది. అది తెచ్చి, కుంకుడు రసంతో కడిగి, ఆరబెట్టి, చేత్తో చిక్కులు తీసి ఏకాను. మూడోసారికి దారికొచ్చింది.

ఎలాగంటారా? చెవుల పైగా తల చుట్టుకొలత తీసుకోండి. దళసరి ప్లాస్టిక్ సంచిని గంట ఆకారంలో కత్తిరించండి. ఉన్ని కుంచించుకుపోతుంది కాబట్టి అది కావలసిన కొలతకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. దాని మీద ఉన్నిని పల్చగా ఒక వరుస అడ్డంగా, ఒక వరుస నిలువుగా పరచి, గోరువెచ్చని సబ్బునీళ్ళు చిలకరించండి. అంచులు వెనక్కి మడిచి, రెండో వైపూ అలాగే పరవండి. ఒక టోపీకి సుమారు 150 గ్రాముల ఉన్ని పడుతుంది. మొదట పసిపిల్లకు నూనె రాసినట్టు మెల్లగా రుద్దాలి. గట్టిపడుతున్న కొద్దీ చేతి బరువు పెంచాలి. వేళ్ళతో గిల్లితే వెంట్రుక లేవకూడదు. అప్పుడు ప్లాస్టిక్ తీసేసి, చాపలో చుట్టి చపాతీ కర్రలా దొర్లించండి. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, మధ్యమధ్య వేడినీళ్ళు పోస్తూ తలకు సరిపడేదాకా దొర్లించాలి. భుజాలు పడిపోతాయి, నిజమే!

తడిగా ఉండగానే తలంత స్టీలు గిన్నెను బోర్లించి దాని మీదికి లాగి, అంచు మొదలయ్యే చోట పురికొసతో బిగించి కట్టండి. గిన్నె గుండ్రం, మన తల కోల. అందుకని ముందూ వెనకా గుడ్డ మడిచి పెట్టాలి. ఇది తెలియక నా రెండో టోపీ ఎవరి తలకీ పట్టలేదు. నీడన రెండు రోజులు ఆరాక, గిన్నె మీద ఉండగానే అంచుకు పల్చగా చింతగింజల గంజి పూశాను. గొంగడికి పెట్టేదే కదా! కౌబాయ్ టోపీలా నిలబడింది. వానలో మాత్రం మెత్తబడుతుంది.

ఇక ఆఖరి పని ఆవిరి. ఇడ్లీ గిన్నెలో నీళ్ళు మరగనిచ్చి, టోపీని ఆవిరికి కాసేపు చూపించి, వెంటనే నడినెత్తిన వేళ్ళతో నొక్కు పెట్టి, చల్లారేదాకా వదలకుండా పట్టుకోవాలి. అంచునూ అలాగే వంచాలి. చేతులు కాలకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి. ఇంట్లో నలిగిన పాత ఫెల్టు టోపీ ఉంటే దానికి ఈ ఆవిరి ఒక్కటే చాలు. నాలాగా నీళ్ళలో ముంచకండి! టోపీని ఎప్పుడూ వెల్లకిలా పెట్టండి, అంచు మీద పెడితే సాగుతుంది. దాచేటప్పుడు కలరా ఉండలు మరువకండి.

ఇప్పటికి ఆరు టోపీలు చేశాను. రెండు అమ్ముడుపోయాయి. ఒక్కో టోపీకి మూడు నాలుగు రోజులు పడుతుంది కాబట్టి దీంతో సంసారం గడుస్తుందని చెప్పను. కానీ పెద్దమ్మ ఉన్నికి డబ్బులిచ్చిన రోజున ఆవిడ ఆ నోట్లను రెండుసార్లు లెక్కపెట్టుకుంది. "ఎన్నేండ్లకు బొచ్చుకు పైసలచ్చె" అంది.

కుంచించుకుపోయిన నాన్న టోపీకీ ఆవిరి పట్టి నొక్కు తెచ్చాను. సైజు మాత్రం తిరిగి రాలేదు. అది మా అబ్బాయి తలకు సరిగ్గా సరిపోయింది. నేను చేసిన నల్లటోపీని హాల్లో కొక్కేనికి తగిలించాను.

ఒక్కో ఉదయం అమ్మ దానికేసి చూసి, "మీ బాపు ఇంక బడికి పోలేదా?" అని అడుగుతుంది.

"ఇయ్యాల ఆదివారం కదమ్మా" అంటాను నేను.