కెమెరా దూరము, మైకు చేరువ

చలనచిత్రము తీయుచున్న కచేరీలో కెమెరా ఎంత దూరమున నున్నను చెల్లును. మైకు మాత్రము గాయకుని చెంతనే యుండవలెనని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పయనించును. 34 మీటర్ల దూరమున నున్న మైకునకు పాట సెకనులో పదవవంతు ఆలస్యముగా చేరును. పెదవి ముందు, పాట వెనుక! పైగా జనుల సందడియు, ప్రతిధ్వనియు పాటను మ్రింగివేయును.

1967లో కాలిఫోర్నియాలోని మాంటెరే సంగీతోత్సవమును పెన్నెబేకర్ బృందము చిత్రించినపుడు, పాటలను వేరుగా ఎనిమిది ట్రాకుల టేపుపై గ్రహించిరి. గాత్రవాద్యముల హెచ్చుతగ్గులను పిమ్మట సరిచేసికొనుటకు అందువలన వీలు చిక్కెను.

మన యింటి వేడుకకును ఇదియే మార్గము. వేదిక చెంత వేరొక రికార్డరు నుంచి, ఆరంభమున కెమెరా యెదుట ఒక్కమారు చప్పట్లు చరచిన చాలును. చేతులు కలిసిన దృశ్యమును, ఆ చప్పుడును జతపరచినచో పెదవికిని పాటకును పొత్తు కుదురును. తప్పిన దృశ్యమును మరియొక కెమెరా పూరింపవచ్చును. చెడిన పాట మరల రాదు.