వేలిముద్ర: మార్చలేని తాళంచెవి

మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె పేరుమీద ఉన్న రెండెకరాల చెలక కాగితాల మీదగానీ, బ్యాంకులోగానీ, రేషను దుకాణంలోగానీ ఆమె పెట్టేది బొటనవేలే. "సంతకమైతే ఎవడన్న దొంగసంతకం పెడ్తడు. నా ఏలు ఎవడు తెస్తడు?" అని చదువుకున్న మమ్మల్ని ఎగతాళి చేసేది.

రెండేళ్ళ కిందట పత్తి అమ్మిన డబ్బు ఆమె ఖాతాలో వేశాము. ఎరువులకని తీయబోతే, మూడు దఫాలుగా పదేసి వేల చొప్పున ముప్పయి వేలు అప్పటికే పోయినట్లు తేలింది. ఆమెకు ఏటీఎం కార్డు లేదు. చెక్కు పుస్తకం లేదు. ఫోనులో ఎవరికీ ఏ అంకె చెప్పినదీ కాదు. పాస్‌బుక్కులో మాత్రం ఆధార్ ద్వారా తీసుకున్నట్లు పడింది. కౌంటరులో ఉన్నాయన "వేలిముద్ర మీదే కదమ్మా, తీసుకుని మరిచిపోయి ఉంటారు" అని కాగితాల్లో తల దూర్చేశాడు. నాయనమ్మ తన బొటనవేలు వంక చూసుకుని, "నా ఏలు నా కాడనే ఉండె గదరా, పైసలెట్ల పోయినయ్?" అని నన్నడిగింది.

బి.యస్సీ.లో కంప్యూటర్ శాస్త్రం ఒక సబ్జెక్టుగా చదువుతున్న నాకు ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. తర్వాత వెతికి తెలుసుకున్నదే ఈ నాలుగు మాటలూ.

వేలిముద్రను నమ్మడం మన దేశంలో ఈనాటిది కాదు. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు సామాను సరఫరాకు ఒప్పుకున్న ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందపత్రం వెనక అరచేతి ముద్ర వేయించాడు. రేపు "ఈ సంతకం నాది కాదు" అని తప్పించుకోకుండా భయపెట్టడమే అతని ఉద్దేశం. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ వేలిముద్రల మీద పుస్తకమే రాశాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. అక్కడ ముద్రలను వర్గీకరించే లెక్క వెనక ఉన్నవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు. పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది! ఇది మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకర్థం కాదు.

ఇక్కడొక సంగతి గమనించాలి. హెర్షెల్ కాలంలో ముద్ర వేసేటప్పుడు ఎదుట మనిషి ఉండేవాడు. మా ఊళ్ళో కాగితం రాసుకున్నా సాక్షులు ఉండేవారు, కరణం ఉండేవాడు. ముద్రకు విలువ వేలివల్ల వచ్చింది కొంతైతే, చూస్తున్న కళ్ళవల్ల వచ్చింది కొంత. ఈనాడు ముద్ర పడేది చేతిలో ఇమిడే ఒక యంత్రం మీద. దాన్ని సరిచూసేది ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరు. మధ్యనున్న సాక్షి లేడు.

ఆ కంప్యూటరు వేలిముద్రను మనం చూసినట్లు బొమ్మగా చూడదు. వేలిమీది గీతలు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్న బిందువులను గుర్తిస్తుంది. అవి ఒకదానికొకటి ఎంత దూరంలో, ఏ దిక్కుగా ఉన్నాయో అంకెలుగా మార్చి, ముందు దాచిన అంకెలతో పోలుస్తుంది. చిక్కల్లా ఇక్కడే వస్తుంది. ఒకే వేలు రెండుసార్లు పెడితే రెండు ముద్రలూ అచ్చు ఒక్కలా ఉండవు. గట్టిగా నొక్కితే ఒకలా, చెమట పడితే ఒకలా, ఎండిపోతే మరోలా పడుతుంది. అందుచేత యంత్రం "అదే ఇది" అని చెప్పదు. "దానికి చాలినంత దగ్గరగా ఉంది" అని చెబుతుంది, అంతే. ఎంత దగ్గరైతే చాలు అన్న గీత మనుషులు గీసిందే. గీత బిగిస్తే అసలు మనిషిని కాదంటుంది, వదులు చేస్తే కొత్తవాడిని అవునంటుంది. రెంటిలో ఒకటి ఎంతోకొంత తప్పదు.

కలుపు తీసి, పత్తి ఏరి, బొగ్గుపొయ్యిల దగ్గర కాలిన చేతులకు గీతలు అరిగిపోతాయి. మా నాయనమ్మ రేషను దుకాణంలో ఐదారుసార్లు వేలు పెడితేగానీ మిషను ఒప్పుకోదు. చీరచెంగుకు తుడుచుకుని, తలనూనె రాసుకుని, మళ్ళీ పెడుతుంది. ఆమె వేలికి రాని బియ్యం ఉన్నాయిగానీ, ఆమె వేలు లేకుండా పోయిన డబ్బులూ ఉన్నాయి!

పాస్‌వర్డ్ సంగతి వేరు. సక్రమంగా కట్టిన వ్యవస్థలో మన పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్లు దాచరు. ఒక లెక్కలో వేసి నూరి, వచ్చిన పొడిని మాత్రం దాస్తారు. పసుపుకొమ్ము దంచితే పొడి వస్తుంది, పొడిని తిరిగి కొమ్ము చేయలేము కదా. మనం మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టినప్పుడు దాన్నీ దంచి, పొడికి పొడి సరిపోయిందా అని చూస్తారు. ఒక్క అక్షరం తేడా వచ్చినా పొడి పూర్తిగా మారిపోతుంది. వేలిముద్ర ప్రతిసారీ కొంచెం మారేదే గనుక ఈ ఉపాయం దానికి నేరుగా పనికిరాదు. అంతకంటె పెద్ద తేడా ఇంకొకటుంది. పాస్‌వర్డ్ పోతే గంటలో మార్చుకుంటాము. బొటనవేలిని మార్చుకోగలమా? పాస్‌వర్డ్‌ను మనసులో దాచుకుంటాము. వేలిముద్రను తాగిన గ్లాసు మీద, బండి హ్యాండిలు మీద, పట్టిన ప్రతి కాగితం మీద వదిలిపోతూ ఉంటాము. నా మట్టుకు నాకు అనిపించేదేమంటే, వేలిముద్ర మన పేరు లాంటిది. మనిషి ఎవరో చెప్పడానికి బాగుంటుంది. దాన్నే తాళంచెవి చేశాము.

ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతికి కావలసినవి మూడే: ఏ బ్యాంకో తెలియాలి, 12 అంకెల ఆధార్ నంబరు కావాలి, వేలిముద్ర కావాలి. పిన్ అడగదు, ఓటీపీ అడగదు. బ్యాంకు లేని పల్లెలో ముసలివాళ్ళు ఇంటిముందే పింఛను, కూలి డబ్బు తీసుకోవడానికి ఇది ఎంతో మేలు చేసింది. నేను దాన్ని తిట్టడం లేదు. కానీ ఆ మూడింటిలో మొదటి రెండూ రహస్యాలు కావు. సిమ్ కార్డుకని, హాస్టలుకని, స్కాలర్‌షిప్‌కని జిరాక్సులు ఎన్నిచోట్ల ఇచ్చామో మనకే లెక్క లేదు. మిగిలింది మూడవది.

దాని సంగతి మన తెలంగాణలోనే 2018లో బయటపడింది. పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్ళను ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి దింపుకున్నాడు. ఆ దస్తావేజుల మీద రైతుల వేలిముద్రలు స్పష్టంగా ఉన్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే వేళ్ళు తయారుచేసి, వాటితో వేల సిమ్ కార్డులకు ప్రాణం పోశాడు. పోలీసులు పట్టుకున్నారు. భూమి మీద హక్కు నిలబడాలని వేసిన ముద్రే దొంగకు అచ్చుగా ఉపయోగపడింది. తర్వాత 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, పెట్టినది బతికున్న వేలా, బొమ్మ వేలా అని పరీక్షించే కొత్త ఏర్పాటు తెచ్చింది. మంచిదే. తాళం చేసేవాడికీ తీసేవాడికీ మధ్య పందెం మాత్రం ఎప్పటికీ ఆగేది కాదు.

గోప్యత అంటే తప్పు చేసినవాళ్ళకు కావలసింది అని మా హాస్టల్లో కొందరు మిత్రులు వాదిస్తారు. మా నాయనమ్మ ఏ తప్పూ చేయలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసినాయన పుట్టస్వామి అనే రిటైర్డు న్యాయమూర్తి, వేసింది ఆధార్ విషయంలోనే.

మా డబ్బు సంగతికి వస్తాను. ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు ఎప్పుడో మూలపడ్డ పాత సిమ్ముది. డబ్బు పోయినప్పుడు వచ్చే సమాచారం ఎవరికీ చేరలేదు. ఇది మా తప్పే. ఇది చదివినవారు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల పాస్‌బుక్కుల్లో ఏ నంబరు ఉందో ఒకసారి చూడండి. మేము 1930కి ఫోను చేశాము, పోలీసు స్టేషనులో కాగితం ఇచ్చాము, బ్యాంకులో రాసిచ్చి రసీదు అడిగి తీసుకున్నాము. రసీదు ఇవ్వడానికి వాళ్ళకు మనసొప్పలేదు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో ఒక మాట ఉంది. తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక మూడోవాడిదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే, ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. ఆ కాగితం నకలు తీసి నాయిన జేబులో పెట్టాను. ఆయన దాన్ని చదవలేదుగానీ, నాలుగుసార్లు కౌంటరు మీద పరిచాడు. డెబ్బయి రోజులకు డబ్బు తిరిగి పడింది. ఎరువులు మాత్రం అప్పుతోనే వేశాము, మిత్తి ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత నాయనమ్మ వేలిముద్రకు ఆధార్ యాప్‌లో తాళం వేశాను. ఆ తాళం ఉన్నంతసేపూ అసలు వేలైనా, రబ్బరు వేలైనా చెల్లదు. జిరాక్సు అడిగినచోట చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే ఆధార్ కాపీ ఇస్తున్నాము.

అయితే రేషను బియ్యానికి వేలు కావాలి. నెల మొదట్లో దుకాణం ముందు వరసలో నిలబడి నాయనమ్మ నాకు ఫోను చేయిస్తుంది, "ఏలు ఇడిచిపెట్టురా" అంటుంది. నేను హాస్టలు వరండాలో కూర్చుని తాళం తీయబోతే ఓటీపీ నాయిన ఫోనుకు వెళ్తుంది. ఆయన చేనులో మందు కొట్టడం ఆపి, ఆ ఆరంకెలూ ఫోనులో ఒక్కొక్కటిగా నాకు చదివి వినిపిస్తాడు. ఓటీపీ ఫోనులో ఎవరికీ చెప్పవద్దని ఊరంతటికీ బోధించిన నేనే, "ఇంకోసారి గట్టిగా చెప్పు నాయినా" అని అడిగి రాసుకుంటాను.