ఇంట్లో కూర్చునే గోదారి మీద పది విమానాలు.. ఆన్‌లైన్ గ్రూప్ ఫ్లైట్ చెడిపోకుండా నడపాలంటే ఏం చేయాలి?

శనివారం రాత్రి 9 గంటలు. రాజమండ్రి ఎయిర్‌పోర్ట్‌లో పది చిన్న విమానాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లో కూకట్‌పల్లి హాస్టల్లో ఉండే ఇంజినీరింగ్ కుర్రాడు, ఇంకోదాంట్లో డల్లాస్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మరోదాంట్లో రిటైరైన బ్యాంకు మేనేజర్. విమానాలు, రన్‌వే, గోదారి.. అన్నీ కంప్యూటర్ తెర మీదే. దీన్నే ఫ్లైట్ సిమ్యులేటర్ ప్రియులు గ్రూప్ ఫ్లైట్ అంటారు.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ మొదటిసారి పెట్టిన గ్రూప్ ఫ్లైట్ చాలావరకు గందరగోళంగానే ముగుస్తుంది. ఇద్దరు వేరే సర్వర్‌లో ఉండి ఎవరికీ కనిపించరు. ఒకరు సెస్నా బదులు జెట్ తెస్తారు. కొత్తగా చేరిన మనిషి వెనకబడిపోయి, అడగడానికి మొహమాటపడి, చెప్పకుండానే లాగౌట్ అయిపోతారు. మళ్లీ రారు. గ్రూపులు చిక్కిపోయేది ఇలాగే. మరి ఇలా జరగకుండా ఏం చేయాలి? చూద్దాం.

ఇది కొత్త సరదా కాదు

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదటి వెర్షన్ 1982లోనే వచ్చింది. ఆన్‌లైన్‌లో కలిసి ఎగిరేందుకు ఐవీఏఓ నెట్‌వర్క్ 1998లో, వ్యాట్‌సిమ్ 2001లో మొదలయ్యాయి. ఈ రెండిటిలోనూ పైలట్లే కాదు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు కూడా ఉంటారు. వాళ్లూ మనలాంటి హాబీ మనుషులే. జీతం లేదు, సరదా కొద్దీ కూర్చుంటారు. వ్యాట్‌సిమ్‌లో ఏడాదికి రెండుసార్లు జరిగే 'క్రాస్ ది పాండ్' ఈవెంట్‌లో అట్లాంటిక్ సముద్రాన్ని దాటే విమానాలు ఎంత ఎక్కువంటే, స్లాట్ ఉన్నవాళ్లకే ప్రాధాన్యం. అంత పెద్ద ఈవెంట్ అయినా, పదిమంది మిత్రుల ఫ్లైట్ అయినా సూత్రం ఒకటే. పని సగం టేకాఫ్‌కు ముందే అయిపోవాలి.

ముందు తేల్చాల్సింది.. ఎక్కడ కలవాలి?

గ్రూపులో ఎవరి దగ్గర ఏముందో ముందుగా అడగండి. అందరి దగ్గరా మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉంటే దానిలోని మల్టీప్లేయరే చాలు. కాకపోతే అందరూ ఒకే సర్వర్ ఎంచుకోవాలి. ఒకరు సౌత్ ఈస్ట్ ఆసియాలో, ఇంకొకరు వెస్ట్ యూరప్‌లో ఉంటే పక్కపక్కనే ఎగిరినా ఒకరికొకరు కనబడరు.

కొందరి దగ్గర ఎక్స్-ప్లేన్, కొందరి దగ్గర మైక్రోసాఫ్ట్ ఉంటే వ్యాట్‌సిమ్ లాంటి నెట్‌వర్క్ మేలు. మైక్రోసాఫ్ట్ వాళ్లు వీపైలట్, ఎక్స్-ప్లేన్ వాళ్లు ఎక్స్‌పైలట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కనెక్ట్ అవుతారు. అయితే ఎక్స్‌బాక్స్‌లో ఇలాంటి బయటి ప్రోగ్రామ్‌లు వేసుకునే వీలుండదు. గ్రూపులో ఒక్క ఎక్స్‌బాక్స్ మనిషి ఉన్నా, ఆ రోజుకి గేమ్‌లోని మల్టీప్లేయర్‌కే పోవడం మర్యాద. ఖర్చు పెట్టలేని విద్యార్థులకు ఫ్లైట్‌గేర్ ఉంది. పూర్తిగా ఉచితం, మల్టీప్లేయర్ కూడా ఉంది.

'రాత్రి తొమ్మిదికి' అంటే ఎవరి రాత్రి?

విమానయానంలో టైమ్ అంటే యూటీసీ. పైలట్లు జులు అంటారు. మన టైమ్‌లోంచి ఐదున్నర గంటలు తీసేస్తే జులు వస్తుంది. మన శనివారం రాత్రి 9 అంటే 15.30 జులు. డల్లాస్‌లో వేసవిలో ఉదయం 10.30, చలికాలంలో 9.30. మెల్‌బోర్న్‌లో అయితే అప్పటికే ఆదివారం వచ్చేసి, అర్ధరాత్రి దాటిపోయి ఉంటుంది. అందుకే మెసేజ్‌లో జులు టైమ్, మన టైమ్ రెండూ రాయండి. రాసేటప్పుడు టేకాఫ్ టైమ్ ఒక్కటే రాయకూడదు. లాగిన్ ఎప్పుడు, బ్రీఫింగ్ ఎప్పుడు, టేకాఫ్ ఎప్పుడు.. మూడూ ఉండాలి. టేకాఫ్‌కు 45 నిమిషాల ముందు లాగిన్ పెట్టుకుంటే, అప్‌డేట్ అడిగే కంప్యూటర్లకు కూడా టైమ్ దొరుకుతుంది.

రూట్ చిన్నదిగా ఉండాలి, దారి తప్పనిదిగా ఉండాలి

మొదటి ఫ్లైట్‌కు గంటన్నర దాటకూడదు. రాజమండ్రి నుంచే ఒక రూట్ చూద్దాం. ఎయిర్‌పోర్ట్ కోడ్ వీఓఆర్‌వై. టేకాఫ్ తీసుకుని గోదారి పట్టుకుని ఎగువకు వెళ్లాలి. పోలవరం, పాపికొండలు, భద్రాచలం. అక్కడ వెనక్కి తిరిగి మళ్లీ రాజమండ్రి. తిన్నగా చూస్తే రానూపోనూ 250 కిలోమీటర్ల లోపే. నది మెలికలతో కలిపి సెస్నా 172లో గంటన్నర పడుతుంది.

ఈ రూట్‌లో పెద్ద లాభం గోదారే. మ్యాప్ చదవడం రాని మనిషి కూడా నదిని చూసుకుంటూ వచ్చేస్తాడు. దీనికి పైలట్లు వాడే పాత పద్ధతి ఒకటుంది. నది ఎప్పుడూ మన ఎడమ చేతి వైపే ఉండాలి. వెళ్లేటప్పుడు ఎడమే, వచ్చేటప్పుడూ ఎడమే. అప్పుడు వెళ్లేవాళ్లు ఒక గట్టు మీద, వచ్చేవాళ్లు అవతలి గట్టు మీద ఉంటారు. ఎదురెదురు పడరు. దీనికి తోడు వెళ్లేటప్పుడు 4,500 అడుగులు, వచ్చేటప్పుడు 5,500 అడుగులు అని ఎత్తు కూడా విడగొట్టండి. పాపికొండల లోయలోకి దిగి చూడాలని అందరికీ ఉంటుంది. అది ఒంటరిగా వెళ్లిన రోజు చూసుకోవచ్చు. పదిమందితో ఇరుకు లోయలోకి వద్దు.

ఒకే విమానం, ఒకే వాతావరణం

అందరూ ఒకే రకం విమానం తీసుకుంటే సగం సమస్యలు పోతాయి. కుదరకపోతే అన్నిటికంటే నెమ్మదైన విమానం వేగమే గ్రూప్ వేగం. కొనుక్కున్న కొత్త విమానంతో వస్తే ఒక తిరకాసు ఉంది. అది మిగతావాళ్ల దగ్గర లేకపోతే వాళ్ల తెర మీద వేరే విమానంలా కనబడుతుంది. 'నీ ముందున్నది నేనే' అని చెప్పుకోవడానికే పది నిమిషాలు పోతాయి.

వాతావరణం, ప్రెషర్ సెట్టింగ్ కూడా ఒకటే ఉండాలి. ఆల్టీమీటర్ గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెబుతుంది. ఒక హెక్టోపాస్కల్ తేడా వస్తే ఎత్తులో దాదాపు 28 అడుగులు మారుతుంది. వర్షాకాలంలో ప్రెషర్ 1003 ఉన్నప్పుడు ఒకరు మామూలు 1013 మీదే వదిలేశారనుకోండి. మీటర్ 4,500 అని చూపిస్తుంది. అసలు ఎత్తు 4,200. అంటే కొండలకు 300 అడుగులు దగ్గరైనట్టే. అందుకే బ్రీఫింగ్‌లో లీడర్ ప్రెషర్ అంకె పైకి చదవాలి, అందరూ తిరిగి చెప్పాలి.

లీడర్ ముందు.. అనుభవం ఉన్నవారు చివర

ముందుండే లీడర్ ఎంత ముఖ్యమో, చివరి విమానం అంతకంటే ముఖ్యం. గ్రూపులో బాగా తెలిసిన మనిషిని చివర పెట్టండి. కొత్తవాళ్లను లీడర్ వెనకే ఉంచండి. ఎవరైనా దారి తప్పితే, ఇంజిన్ ఆగిపోతే, కంప్యూటర్ హ్యాంగ్ అయితే చివరి పైలట్ వాళ్లతోనే ఉంటారు. మిగతా గ్రూప్ ఆగక్కర్లేదు.

టేకాఫ్ ఒక్కొక్కరికీ నిమిషం తేడాతో ఇవ్వండి. 120 నాట్ల వేగంతో నిమిషానికి రెండు నాటికల్ మైళ్లు పోతాం కాబట్టి ఆ మాత్రం దూరం దానంతటదే వస్తుంది. పక్కపక్కనే రెక్కలు ఆనించి ఎగరడం ఫొటోలకు బాగుంటుంది కానీ, నెట్ నెమ్మదిగా ఉంటే పక్క విమానం తెర మీద ఎగిరెగిరి పడుతుంది. ఢీకొంటే ఫ్లైట్ మళ్లీ మొదటికొచ్చే ఆప్షన్ మీ సిమ్‌లో ఉంటే ముందే ఆపేయండి.

అసలు పరీక్ష ల్యాండింగ్ దగ్గరే

టేకాఫ్‌కు ఉన్న ఓపిక ల్యాండింగ్‌కు ఉండదు. లెక్క చూడండి. 70 నాట్లతో దిగే విమానాల మధ్య రెండు మైళ్ల దూరం ఉంటే ఒక్కోదానికి దాదాపు నిమిషం ముప్పావు. పది విమానాలు దిగడానికి పావుగంట పైనే. ఈ పావుగంట ప్లాన్‌లో లేకపోతే అందరూ ఒకేసారి రన్‌వే మీదకు వస్తారు. కాబట్టి ఏ రన్‌వే, ఏ వైపు నుంచి మలుపు, నదిని ఎక్కడ దాటాలి అన్నవి బ్రీఫింగ్‌లోనే చెప్పేయాలి. దిగినవాళ్లు రన్‌వే మీద ఆగి వెనక్కి చూడకూడదు, వెంటనే పక్కకు తప్పుకోవాలి. ముందు విమానం ఇంకా రన్‌వే మీదే ఉంటే మళ్లీ పైకి లేచి చుట్టు తిరిగి రావడమే. అందులో నామోషీ ఏమీ లేదు.

కబుర్లకు ఒకటి, ఫ్లైట్‌కు ఒకటి

డిస్కార్డ్‌లో రెండు వాయిస్ ఛానళ్లు పెట్టండి. టేకాఫ్, ల్యాండింగ్ టైమ్‌లో అందరూ ఫ్లైట్ ఛానల్లోనే ఉండాలి, అక్కడ అవసరమైన మాటలే. సినిమా కబుర్లు రెండో ఛానల్లో. వ్యాట్‌సిమ్‌లో కంట్రోలర్ ఉంటే ఆయన మాటే ముందు. డిస్కార్డ్ నవ్వుల్లో పడి కంట్రోలర్ పిలుపు వినకపోతే గ్రూప్ పేరే పోతుంది. కంట్రోలర్ లేని చోట 122.800 యూనికామ్ మీద మీరేం చేస్తున్నారో చెప్పాలి.

మరికొన్ని రూల్స్ కూడా గుర్తుంచుకోవాలి. వ్యాట్‌సిమ్‌లో కొత్తవాళ్లు చిన్న పరీక్ష పాసయ్యాకే ఎగరగలరు. ఫ్లైట్ రోజు రాత్రి అకౌంట్ తెరుద్దామంటే కుదరదు, వారం ముందే పూర్తి చేయించండి. రన్‌వే మీద, ట్యాక్సీవే మీద కనెక్ట్ కాకూడదు, పార్కింగ్‌లోనే కావాలి. హైజాక్‌కు వాడే 7500 కోడ్ సరదాకి కూడా పెట్టకూడదు. పదిమంది ఒకేసారి వస్తున్నారంటే ఆ ప్రాంత కంట్రోలర్లకు ముందే ఒక మాట చెప్పడం మంచిది.

గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్ ఇలా

తేదీ, జులు టైమ్, మన టైమ్. సిమ్, సర్వర్ లేదా నెట్‌వర్క్. విమానం. రూట్, ఎత్తులు. లీడర్ ఎవరు, చివర ఎవరు. డిస్కార్డ్ లింక్. కనెక్షన్ తెగిపోతే ఏం చేయాలి. ఈ ఏడు లైన్లు రెండు రోజుల ముందే వాట్సాప్‌లో పడితే చాలు.

చివరగా ఒక మాట. మొదట దిగినవాళ్లు 'బై' చెప్పి వెళ్లిపోకండి. ఆఖరి విమానం పార్కింగ్‌లో ఇంజిన్ ఆపేదాకా ఛానల్లో ఉండండి. తొలిసారి వచ్చిన మనిషి రెండుసార్లు చుట్టు తిరిగి, చెమటలు పట్టి దిగినప్పుడు వినడానికి పదిమంది ఉంటే, వచ్చే శనివారం ఆయనే అందరికంటే ముందు లాగిన్ అవుతాడు.