పవాయి తటాకము: గట్టుమీది నుంచే అందము

కామాఠీపురాలోను, వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలోను కాపురముంటున్న మన వారికి నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. కాని కొళాయిలో వచ్చే ఆ నీటికి వెనుక ఉన్న కథ తెలిసినవారు తక్కువ. సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకొని పవాయి చూడబోయే కుటుంబాలు ఎన్నో ఉన్నవి గనుక, ఆ కథతోపాటు అక్కడి అపాయాలను కూడా మనవి చేయదలచినాము.

1784లో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగిన తరువాత, బొంబాయిలోని పల్లపు నేలలు క్రమంగా నివాసయోగ్యమైనవి. అటువంటి నేలలోనే, తెలుగుదేశం నుంచి వచ్చి కట్టడపు పనులు చేసిన కామాఠీలు స్థిరపడినారు. వారి పేరే కామాఠీపురాకు నిలిచినది. ఆనాడు ఊరికంతకూ బావులు, గుంటలే ఆధారము. నీటి ఎద్దడి ముదిరిన మీదట మిఠీ నది ఎగువన విహార్ తటాకము కట్టినారు. అది 1860లో పూర్తయినది. బొంబాయికి గొట్టాల ద్వారా నీరు రావడము దానితోనే మొదలు. 1879లో తులసి, 1892లో తాన్సా తోడైనవి.

తాన్సా నీరు అందేలోగా అక్కరకు వస్తుందని 1890 ప్రాంతాన, సుమారు 12 లక్షల 59 వేల రూపాయలు వెచ్చించి పవాయి కట్టినారు. నిండితే అందులో 545 కోట్ల లీటర్ల నీరు నిలుస్తుంది. అయితే ఆ నీరు తాగడానికి పనికిరాలేదు. పరిశ్రమల వాడకానికి, ఆరే పాల కాలనీకి మాత్రమే ఉపయోగపడుతున్నది. దాహము తీర్చలేని చెరువు ఈ విధంగా గాలము వేసేవారికి, షికారు వచ్చేవారికి విహారస్థలమైనది.

మన ఊరి చెరువులో ఈత నేర్చినవారికి ఇదీ అటువంటిదే అనిపించడము సహజము. ఊరి చెరువుకు రేవు ఉంటుంది. ఎక్కడ లోతో పెద్దలు పిల్లలకు చూపుతారు. పవాయిలో ఆ గురుతులు లేవు. గుర్రపుడెక్క అల్లుకొన్నచోట పచ్చిక ఎక్కడ ముగిసినదో, నీరు ఎక్కడ మొదలైనదో కంటికి ఆనదు. అడుగున పేరుకొన్న ఒండ్రు కాలిని పట్టి లాగుతుంది. తీగలు చుట్టుకొంటే గజఈతగాడైనా నిస్సహాయుడే. ఇవి చాలక అందులో మొసళ్లున్నవి. మురుగు కూడా కలుస్తున్నది. కాలిపై చిన్న గాయమున్నా వానకాలపు మురికినీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరము సోకవచ్చును.

వర్షాలలో కట్టమీద నుంచి నీరు పొర్లడము చూడముచ్చటగానే ఉంటుంది. అయితే నీరు పల్లమెరుగు. విహార్, పవాయిలు పొర్లిన నీరు మిఠీ నదిలోకే పోతుంది. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ నది ఎంత విలయము చేసినదో ముంబయివారు మరువలేరు. వాన పడుతుండగా కట్ట దిగువకు, పాచి పట్టిన రాళ్లమీదికి పిల్లలను పోనీయకండి. గణపతి నిమజ్జనానికి వెళ్లినప్పుడు విగ్రహాన్ని అక్కడి సిబ్బందికి అప్పగించి గట్టునే నిలవడము మేలు.

ఎవరైనా నీట పడితే కంగారుతో వెంట దూకవద్దు. ఒకరికి ఇద్దరు పోతారు. తాడో, చీరో, పొడవాటి కర్రో అందించండి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసిరినా పట్టుకొని తేలుతారు. వెంటనే 112కు ఫోను చేయండి. బయటికి తీసినవారిని తలక్రిందులుగా వేలాడదీయడము, పొట్ట నొక్కి నీరు కక్కించడము మన వాళ్లలో పాత అలవాటు. దానివల్ల విలువైన కాలము పోవడమే కాక కీడు కూడా కలుగుతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిల పడుకోబెట్టి నోటితో ఊపిరి ఊదవలెను, రొమ్ము నడుమ గట్టిగా, వడిగా నొక్కవలెను. ఈ పద్ధతి ప్రతి చాలులో నలుగురు యువకులైనా నేర్చి ఉంచుకోవలెనని మా కోరిక.

పవాయికి వెళ్లవద్దని మేము అనడము లేదు. సాయంకాలపు గాలి, కొండల నీడ, నీటిపక్షులు — ఇవి చాలులోని ఒక్క గది కాపురానికి పెద్ద ఊరటే. ఆ ఊరటను గట్టుమీదనే కూర్చొని అనుభవించి, వెంట తీసుకుపోయిన పిల్లలందరినీ లెక్కపెట్టుకొని ఇంటికి తీసుకొని రండి.