గేర్ల బండి నేర్చుకుంటున్నారా? ముందు ఆపడం నేర్చుకోండి



ఒక సాయంత్రం మూలపేట వైపు పల్లె నుంచి ఒక యువకుడు తన తండ్రిని ఆటోలో మా క్యాజువాలిటీకి తీసుకువచ్చాడు. తండ్రికి కిడ్నీ జబ్బు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఆటో ఖర్చులు భరించలేక కొడుకు పాత గేర్ల బండి ఒకటి కొన్నాడు. స్నేహితుని దగ్గర మూడు సాయంత్రాలు నేర్చుకుని, నాలుగో రోజే తండ్రిని వెనుక కూర్చోబెట్టుకొని బయలుదేరాడు. మలుపులో రోడ్డు మీద ఇసుక ఉంది. ఎదురుగా గేదె వచ్చింది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా నొక్కేశాడు. బండి జారి ఇద్దరూ పడ్డారు.

కొడుకు గడ్డానికి ఐదు కుట్లు పడ్డాయి. హెల్మెట్ ఉంది గాని, అది పెట్రోలు ట్యాంకు మీద ఉంది. తండ్రికి మోకాలు, మోచేయి చెక్కుకుపోయాయి. తలకు దెబ్బ లేదని చూసుకున్న వెంటనే మేము ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాం. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి తయారు చేసిన ఫిస్టులా ఆ చేతికే ఉంది. దాని మీద వేళ్ళు పెడితే సన్నని అదురు తెలియాలి. తెలిసింది. అప్పటికి మా మనసు కుదుటపడింది. ఆ నాళం మూసుకుపోతే డయాలసిస్‌కు వేరే దారి వెతకాలి, మళ్ళీ ఆపరేషన్ కావలసి రావచ్చు.

కుట్లు వేస్తుండగా ఆ అబ్బాయి అన్నాడు: "బండి పోనివ్వడం నేర్పినారు సిస్టరమ్మా, ఆపడం ఎవులూ నేర్పనేదు."

ఈ నెల వ్యాసం ఆ మాట గురించే.

మైదానంలో మొదటి వారం

మొదట ఇంజన్ ఆపి బండి మీద కూర్చోండి. ఎడమ చేతికి క్లచ్, ఎడమ కాలికి గేరు. కుడి చేతికి యాక్సిలరేటర్, ముందు బ్రేకు. కుడి కాలికి వెనుక బ్రేకు. కళ్ళు కిందికి దించకుండా వీటిని ఒక్కొక్కటిగా తాకగలిగే వరకు తాళం తిప్పవద్దు. కొన్ని బళ్ళకు గేర్లన్నీ ఒకే వైపు పడతాయి. కొన్నింటికి మొదటి గేరు కిందికి, మిగిలినవి పైకి. మీ బండికి ఎలాగో ముందే అడిగి తెలుసుకోండి.

తరువాత ఖాళీ మైదానంలో సైడ్ స్టాండ్ తీసి, మొదటి గేరు వేసి, క్లచ్‌ను మెల్లగా వదలండి. ఒక చోట బండి కదలబోతుంది. ఆ చోటును చేతికి గుర్తు చేసుకోవాలి. క్లచ్ ఒక్కసారిగా వదిలితే బండి దూకుతుంది, లేదా ఇంజన్ ఆగిపోతుంది. రెండడుగులు పోనిచ్చి ఆపండి. మళ్ళీ కదిలించండి, మళ్ళీ ఆపండి. ఇలా ఇరవైసార్లు చేశాకే రెండో గేరు సంగతి.

ఆపే పద్ధతి ఇది. యాక్సిలరేటర్ పూర్తిగా వదలండి. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బలం పెంచండి. బండి ఆగబోయే ముందు క్లచ్ పట్టండి. ఎడమ కాలు నేల మీద పెట్టండి, కుడి కాలు వెనుక బ్రేకు మీదే ఉండాలి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీద పడుతుంది కనుక, పొడి తారు రోడ్డు మీద ముందు బ్రేకే ఎక్కువ ఆపుతుంది. కాని ఇసుక మీద, తడి మీద, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు దానిని గట్టిగా నొక్కితే పడిపోతాం. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు.

స్కూటీ నడిపే అక్కచెల్లెళ్ళకు ఒక ప్రత్యేకమైన మాట. మాలో కొందరం ఏళ్ళ తరబడి స్కూటీ నడిపి, గ్రామ సందర్శనల కోసం గేర్ల బండి నేర్చుకున్నాం. స్కూటీకి ఎడమ చేతిలోది బ్రేకు, గేర్ల బండికి అది క్లచ్. భయం వేసినప్పుడల్లా చెయ్యి పాత అలవాటుకే పోతుంది. అది పట్టుకుంటే బండి ఆగకపోగా ఇంజన్ పట్టు కూడా పోయి జారుకుంటూ వెళ్తుంది. మేము అలా ప్రహరీ గోడ దాకా వెళ్ళినవాళ్ళమే. ఆ అలవాటు మైదానంలోనే పోవాలి.

మన రోడ్లు

మన తీరం రోడ్ల మీద గాలికి ఇసుక చేరుతుంది. ఉద్దానం తోటల మధ్య జీడాకు, కొబ్బరి మట్టలు రాలి ఉంటాయి. కోతల కాలంలో ధాన్యం, గడ్డి రోడ్డు మీదే ఆరబోస్తారు. వీటి మీద బ్రేకు పట్టదు. దూరం నుంచే చూసి, వేగం తగ్గించి, హ్యాండిల్ నిటారుగా ఉంచి దాటండి.

2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టు పనులంటే టిప్పర్లు, లారీలు. పెద్ద బండికి ఎడమ పక్కన ఉన్న మనిషి డ్రైవరుకు కనబడడు. ఎడమ నుంచి దూరి వెళ్ళవద్దు. వాటి గాలి తోపుకు చిన్న బండి ఊగుతుందని కూడా గుర్తుంచుకోండి. చెయ్యి కుదిరే వరకు జాతీయ రహదారి ఎక్కవద్దు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతుంది. గేదెను చూసి బ్రేకు మీద చెయ్యి వేసేలోపే అంత దూరం అయిపోతుంది.

వెనుక కూర్చునేవారు

లెర్నింగ్ లైసెన్సుతో నేర్చుకునేవారు, నేర్పేవారిని తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు. బండికి ముందూ వెనుకా ఎర్రని 'ఎల్' గుర్తు ఉండాలి. ఆ లైసెన్సు 6 నెలలు చెల్లుతుంది. 30 రోజుల తరువాత పరీక్షకు వెళ్ళవచ్చు. 18 ఏళ్ళు నిండని పిల్లలకు గేర్ల బండి ఇవ్వవద్దు. 2019లో సవరించిన చట్టం ప్రకారం పిల్లవాడు నేరం చేస్తే తల్లిదండ్రులకు, బండి యజమానికి 3 ఏళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి.

ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న, గడ్డం కూడా కప్పే హెల్మెట్ ఇద్దరికీ కావాలి. పట్టీ బిగించకపోతే అది తల మీద నిలవదు. చీర కొంగు, చున్నీ నడుముకు దోపుకోండి. చక్రానికి ఉండే చీర గార్డును తీయించవద్దు. సైలెన్సర్ సాధారణంగా కుడి వైపు ఉంటుంది కనుక ఎడమ వైపే దిగండి. కాలితే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా పూయవద్దు.

డయాలసిస్ అయిన వెంటనే బి.పి. పడిపోయి కళ్ళు తిరగవచ్చు. ఆ రోజు రోగిని ఆటోలోనో బస్సులోనో తీసుకువెళ్ళడమే క్షేమం. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక వైద్యం దగ్గరైంది. ఇంటి నుంచి అక్కడికి వెళ్ళి రావడం కూడా వైద్యంలో భాగమే.

పడితే ఏమి చేయాలి?

1. 108కు ఫోన్ చేయండి. సాయం చేసినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని చట్టమే చెబుతుంది.
2. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి.
3. స్పృహ లేనివారికి నీళ్ళు పట్టవద్దు. మెడ కదపవద్దు.
4. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మత్తు, చెవి నుంచి రక్తం ఉంటే, నడవగలిగినా సరే ఆసుపత్రికి రండి.
5. ఒళ్ళు నొప్పులని దుకాణంలో నొప్పి మాత్రలు కొని వేసుకోవద్దు. వాటిలో చాలా మాత్రలు కిడ్నీలకు హాని చేస్తాయి. కిడ్నీ జబ్బు ఇంత ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో ఇది మరీ ముఖ్యం. డాక్టరును అడిగి వేసుకోండి.

ఆ అబ్బాయి కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు బండి తేలేదు. రోజూ సాయంత్రం బడి మైదానంలో ఆపడం నేర్చుకుంటున్నానని చెప్పాడు. లైసెన్సు వచ్చాక తండ్రితో కలిసి మళ్ళీ వచ్చాడు. ఇద్దరి తలల మీదా హెల్మెట్లు ఉన్నాయి. గేటు దగ్గర బండి కుదుపు లేకుండా ఆగింది. తండ్రి ఎడమ వైపు నెమ్మదిగా దిగారు. మేము మళ్ళీ ఆయన చెయ్యి పట్టుకుని చూశాం. అదురు బాగానే ఉంది.