ఇంజనీరు ధర్మము

2024వ సంవత్సరము ఆగష్టు 10వ తేదీ రాత్రి హోస్పేటయొద్ద తుంగభద్రా జలాశయమున 19వ గేటును మోయు గొలుసు తెగినది. గేటు ప్రవాహములో కొట్టుకొనిపోయినది. జలాశయము నిండుకుండవలె నున్న దినము లవి. కర్ణాటక రైతులతోపాటు కర్నూలు, అనంతపురము సీమల రైతులును, రాజోలిబండ క్రింది తెలంగాణ రైతులును ఏ నీటిని నమ్ముకొని నారు పోయుచుండిరో, ఆ నీరు కన్నులయెదుటనే నదిపాలగుచుండెను. ఆ వారము దినములు వేలాది కుటుంబముల చూపు ఒక్కచోటనే నిలిచియుండెను: ఇంజనీరు ఏమి చేయును?

ఈ ప్రశ్నను మన పాఠకులు ఆపద లేని దినములలోకూడ వేసికొనవలెనని మేము కోరుచున్నాము. నేడు మన పట్టణములలోను పల్లెలలోను కొంచెము కలిగిన ప్రతి గృహస్థును తన బిడ్డను ఇంజనీరును చేయదలచుచున్నాడు. పొలము తాకట్టుపెట్టి చదివించువారును కలరు. కాని ఇంజనీరు చేయు పని యేమని ఆ తండ్రినే యడిగిన, జీతమెంతయో చెప్పగలడుగాని పని యేదియో చెప్పజాలడు. ఫలము నెరిగి వృక్షము నెరుగని ఈ స్థితి బిడ్డలకును దేశమునకును మేలుచేయదు.

ఐరోపాఖండమున పూర్వ మింజనీరనగా సైన్యముతో నుండి కోటలు, వంతెనలు, యుద్ధయంత్రములు నిర్మించువాడు. పదునెనిమిదవ శతాబ్దమున ఎడ్డిస్టన్ దీపస్తంభమును కట్టిన జాన్ స్మీటన్, తన పని యుద్ధమునకు గాక పౌరులకొరకని తెలుపుటకై తన్ను సివిల్ ఇంజనీరని చెప్పుకొనెను. అప్పటినుండి ఈ విద్య శాఖోపశాఖలుగా విస్తరించినది. శాఖ లెన్నియైనను మూలమొక్కటియే: ప్రకృతి నియమములను తెలిసికొని, ఉన్న ధనముతో, దొరకు వస్తువులతో, చెప్పిన గడువులో, జనులకు పనికివచ్చునదియు ప్రమాదము లేనిదియు నగు వస్తువును నిలబెట్టుట.

శాఖల భేదమును తెలియుటకు పెద్ద గ్రంథములు అక్కరలేదు. తుంగభద్ర ఆనకట్టయొద్ద నిలిచి చూచిన చాలును. 1945లో నాటి మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములు కలిసి ప్రారంభించిన ఈ కట్టడము 1953 నాటికి పూర్తియైనది. నదీగర్భమున గట్టిరాయి యెచ్చట నున్నదో వెదకి పునాది వేయించువాడు సివిల్ ఇంజనీరు. నీటి లోతు పెరిగినకొలది ఒత్తిడి పెరుగును గనుక కట్టను అడుగున వెడల్పుగా కట్టవలెను. ఎన్నడో వచ్చు మహావరదనుకూడ లెక్కలోనికి తీసికొని అలుగును ఏర్పరుపవలెను. కాలువకు వాలు ఎక్కువైన గట్లు కోసికొనిపోవును; తక్కువైన మేటవేయును. ఆ నడిమి కొలతను కనుగొనుటయు నతని పనియే.

అదే కట్టపై 33 గేట్లు కలవు. వానిని ఎత్తి దింపు గొలుసులు, చక్రములు, మోటార్లు మెకానికల్ ఇంజనీరు పాలివి. ఆ గొలుసు ఇనుము ఎంత బరువు మోయును, తుప్పెక్కి ఎన్నేండ్లకు బలహీనమగును అని తేల్చువాడు లోహశాస్త్రము చదివిన ఇంజనీరు. నీటిచే త్రిప్పబడు చక్రమునుండి విద్యుత్తును పుట్టించి తీగలగుండ ఊళ్లకు పంపువాడు ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఎగువ వర్షమును, వచ్చు ప్రవాహమును క్షణక్షణమును కొలిచి తెలుపు పరికరములు ఎలక్ట్రానిక్స్ వారివి. ఆ లెక్కలనుండి రేపటి వరదను అంచనావేయు విధానమును వ్రాయువాడు కంప్యూటర్ ఇంజనీరు. ఆ నీటితో పండు పైరుకు ఎరువును తయారుచేయు కర్మాగారము కెమికల్ ఇంజనీరు చేతిది. ఇందు ఏ శాఖయు తక్కువది కాదు. ఒక శాఖవా డేమరిన తక్కినవారి శ్రమయంతయు వ్యర్థమగును. కట్ట చెక్కుచెదరకున్నను గొలుసు తెగుటచే నీరు పోయినదికదా!

ఆ గేటు పోయిన తరువాత మిగిలినవానిపై ఒత్తిడి తగ్గించుటకై వానినికూడ తెరవవలసివచ్చెను. క్రొత్త గేటు అమర్చుటకు జలాశయమందలి నీటిలో సగమునకు పైగా వదలక తప్పదని మొదట అందరును భయపడిరి. అట్టి సమయమున విశ్రాంత ఇంజనీరు శ్రీ కన్నయ్యనాయుడుగారి సూచనలతో, ఉక్కు స్టాప్‌లాగ్ పలకలను సిద్ధముచేయించి, నీరు ప్రవహించుచుండగనే ఒకదానిపై నొకటి దింపి, వారము దినములలో ఆ ద్వారమును మూసిరి. ఆ వెనుక కురిసిన వానలకు జలాశయము మరల నిండినది. ఆ ధైర్యము సాహసము కాదు. ఏండ్లతరబడి గేట్లతో పనిచేసినవాని లెక్క అది. ఆ పలకలను దింపిన కార్మికుల నేర్పును అంతకు తక్కువది కాదు.

అయినను మేము ప్రశంసతో ముగింపజాలము. ఏడుపదుల యేండ్లు నీటిలో నానిన గొలుసు ఒక్కనాడు తెగలేదు. ప్రతి దినమును కొంచెము కొంచెముగా తెగుచునే యుండెను. మిగిలిన గేట్లనుకూడ మార్చవలెనని నిపుణులు పిదప చెప్పిరి. క్రొత్త కట్టడమునకు శంకుస్థాపన యున్నది, శిలాఫలక మున్నది, ఉపన్యాస మున్నది. పాత గొలుసుకు చమురు పూయువానికి దండవేయువా డెవ్వడు? మన పూర్వులు చెరువు త్రవ్వించి విడిచిపెట్టలేదు. తూమును కనిపెట్టుటకు నీరటిని నియమించిరి. వానికి పంటలో భాగమిచ్చిరి. కట్టించుటయెంత ధర్మమో కాపాడుటయు నంత ధర్మమని వా రెరుగుదురు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట నేటి రాజనీతియైనది.

కావున బిడ్డలను ఈ విద్యకు పంపు తల్లిదండ్రులకు మేము చెప్పునది ఒక్కటి. పొరుగువాని కుమారుడు ఏ శాఖలో చేరెనో విచారింపకుడు. మీ బిడ్డ మనస్సు దేనిపై నిలుచుచున్నదో చూడుడు. చెడిపోయిన పంపును విప్పిచూచు కుతూహలము, కొలత తప్పిన సహింపని స్వభావము, తప్పును తప్పని ఒప్పుకొను నిజాయితీ గలవారు, బాలురైనను బాలికలైనను, ఏ శాఖలోనైనను రాణింతురు. ఇవి లేనివారికి పట్టము వచ్చునుగాని విద్య రాదు.

ఇక భూస్వాములైన మన పాఠకులకు మరియొక మాట. మీ కాలువ తూము తలుపునకు చమురు ఎప్పుడు పూసిరి? మీ చెరువు కట్టను వర్షములకు ముందు ఎవరు పరీక్షించిరి? ఓట్లకొరకు మీ గుమ్మమునకు వచ్చువారిని ఈ రెండు ప్రశ్నలును అడుగుడు. ఇంజనీరు తన ధర్మమును నెరవేర్చుటకు ధనమును అధికారమును ఇయ్యవలసినది ప్రభుత్వము, ఇప్పింపవలసినది ప్రజలు. అడుగని ఊరి గొలుసు తెగిన రాత్రి, ఎంతటి ఇంజనీరు వచ్చినను పోయిన నీటిని వెనుకకు తేజాలడు.