ఆకాశంలో కొట్లాట

రెండు కుక్కలు కొట్లాడుకునేది మీరు చూసే ఉంటారు. ఒకదాని వెనక ఒకటి గిరగిరా తిరుగుతాయి. వెనక చేరింది కరుస్తుంది. యుద్ధ విమానాలు కూడా ఇలాగే పోరాడేవి. పగవాడి విమానం వెనక్కి చేరి, కంటితో చూసి, తుపాకితో కాల్చేవారు. ఇంగ్లీషులో దీన్ని డాగ్‌ఫైట్ అంటారు. అంటే కుక్కల కొట్లాటే.

1971 నవంబరులో బెంగాల్ సరిహద్దులో మన నాట్ విమానాలు పాకిస్తాన్ సేబర్ విమానాలను ఇలాగే కూల్చాయి. నాట్ చాలా చిన్న విమానం. చటుక్కున మలుపు తిరుగుతుంది.

ఇప్పుడు పద్ధతి మారింది. చేనుకాడ మంచె ఎక్కి ఒడిసెలతో రాయి విసిరినట్లు, దూరం నుంచే క్షిపణి వదులుతారు. క్షిపణి అంటే తనంతట తానే దారి చూసుకుని పోయి పేలే ఆయుధం. 'అస్త్ర' అనే క్షిపణి మన హైదరాబాదులోనే తయారవుతుంది. అది సుమారు 100 కిలోమీటర్లు పోతుంది. పుత్తూరు నుంచి తిరుపతికి పోయి తిరిగి వచ్చినా సుమారు 70 కిలోమీటర్లే! అంత దూరంలోని విమానం కంటికి ఆనదు. రాడార్ అనే యంత్రం చూపిస్తుంది.

మరి దగ్గర పోరు ఇంకా ఎందుకు?

అమెరికా వాళ్లూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నారు. ఫాంటం అనే విమానాన్ని మొదట తుపాకి లేకుండానే చేశారు. వియత్నాం యుద్ధంలో వాళ్ల క్షిపణులు చాలాసార్లు గురి తప్పాయి. పందిని ఒడిసెలతో కొట్టబోతే అది మీదికే వచ్చినట్లయింది. చేతిలో కర్ర లేదు. 1969లో అమెరికా నౌకాదళం దగ్గర పోరు నేర్పడానికి ఒక బడి పెట్టింది. తుపాకి ఉన్న ఫాంటంలూ వచ్చాయి.

ఇప్పటి క్షిపణులు వాటికంటే ఎంతో మేలు. అయినా ఇంకో చిక్కు ఉంది. దూరాన కనిపించే చుక్క మనవాళ్లదా, పరాయివాళ్లదా? 2019 ఫిబ్రవరి 27న కాశ్మీరులో నేల మీది నుంచి వదిలిన మన క్షిపణే మన హెలికాప్టరును కూల్చింది. అందులోని ఆరుగురూ, నేల మీద ఉన్న ఒకరూ చనిపోయారు. అందుకే ఒక్కోసారి దగ్గరికి పోయి కంటితో చూడాల్సి వస్తుంది. అలా పోయినవాళ్లకు కొట్లాట తప్పకపోవచ్చు.

ఇప్పుడు దగ్గర పోరుకూ క్షిపణులు వచ్చాయి. పైలట్ తల తిప్పి చూసిన వైపుకే అవి పోతాయి. కాబట్టి వెనక వెనకే తిరిగే పని తగ్గింది. తగ్గిందే గాని పోలేదు.

ఈ పోరు ఒంటికి చాలా కష్టం. నీళ్ల చెంబును గిర్రున తిప్పితే నీళ్లు ఒలకవు, అడుక్కి అదుముకుంటాయి. విమానం గిర్రున తిరిగితే పైలట్ రక్తం కూడా అలాగే కాళ్లలోకి దిగుతుంది. కళ్లు చీకట్లు కమ్ముతాయి. 50 కిలోల మనిషికి తన బరువు 450 కిలోలు అయినట్లుంటుంది. కాళ్లనూ కడుపునూ నొక్కిపట్టే దుస్తులు వేసుకుంటారు.

ఇది ఆడవాళ్ల వల్ల కాదనేవాళ్లు ఉండేవారు. 2016 జూన్ 18న హైదరాబాదు దగ్గరి దుండిగల్‌లో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధ విమానాల దళంలో చేరారు. మన దేశంలో ఆ పనికి వచ్చిన మొదటి ఆడవాళ్లు వీళ్లే. 2018లో అవని మిగ్-21 విమానాన్ని ఒంటరిగా నడిపారు.